ఎండెక్కకముందే మంచువాలు దిగిపోండి

విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ మీదుగా మనాలీ వైపు వెళ్లే మన కుర్రాళ్లు అక్కడ స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి చట్రాలు) అద్దెకు తీసుకుని కొండెక్కుతున్నారు. మార్చి, ఏప్రిల్ కదా, చలి తగ్గింది, ఎండ బాగుందని ధైర్యం. ఆ ఎండతోనే ముప్పు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారిలో మంచుచరియ విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. అప్పుడు పన్నెండు దాటింది.

మన మహేంద్రగిరి పొద్దున ఎక్కినా సాయంత్రం దిగినా రాయి రాయే. మంచు అలా కాదు. రాత్రి గడ్డకట్టినది తెల్లవారుజామున గచ్చులా గట్టిగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పైన కరిగిన నీరు లోపలికి దిగి పొరల మధ్య పట్టు వదిలిపోతుంది. పొద్దున మిమ్మల్ని మోసిన వాలే మధ్యాహ్నం మీతో సహా జారుతుంది.

అందుకే చీకటితో, ఐదింటికల్లా బయల్దేరండి. పదింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా తిరగండి. ఉప్మా తిని, టీ తాగి ఎనిమిదింటికి కదిలితే సరిగ్గా మంచు వదులయ్యే వేళకి వాలు మధ్యలో ఉంటారు. తూర్పు వాలైతే ఇంకా ముందే మెత్తబడుతుంది.

గుప్పెడు మంచు తీసి పిండి చూడండి. నీళ్లు కారితే ఆ వాలు వదిలేయండి. స్నోషూ ఉన్నా చీలమండ దాటి దిగబడుతుంటే, పైనుంచి మంచు ఉండలు వాటంతటవే దొర్లుతుంటే, కాలికింద ‘ధుప్’మని కుంగితే, ఇక ముందుకు వద్దు. రాత్రంతా మబ్బుపట్టి మంచు గడ్డకట్టకపోతే ఆ పూట అసలు వెళ్లొద్దు. ఎక్కువగా జారేవి 30 నుంచి 45 డిగ్రీల వాలులు. మీరు చదునులో నడుస్తున్నా, పైన అలాంటి వాలు ఉంటే అది వచ్చిపడేది మీ మీదే.

స్నోషూ అడుగున ఉక్కు పళ్లుంటాయి. తడిమంచు వాటికి ఉండకట్టి పట్టు పోతుంది, మధ్యమధ్యలో కర్రతో తట్టి రాల్చండి. నిటారు వాలుకి అడ్డంగా నడవొద్దు.

నూలు బనియను, జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. మబ్బున్నా నల్లకళ్లద్దాలు తీయొద్దు: కొత్తమంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, రాత్రికి కళ్లు తెరవలేరు. ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి. మంచు కింద నీళ్ల చప్పుడు వినిపిస్తే అక్కడ దాటొద్దు. చెట్ల మొదళ్లకు దూరంగా నడవండి. ఫోను లోపలి జేబులో పెట్టండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి మకాం ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దు. తలనొప్పి, వాంతి వస్తే ఎక్కడం ఆపండి. తూలినా, మాట తడబడినా వెంటనే కిందికి దించండి, తెల్లారేదాకా చూడొద్దు. మద్యం ముట్టొద్దు. అనుమానమున్న వాలు దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్లు కళ్లార్పకుండా చూడాలి. బీకన్ (మంచు కింద మనిషి ఎక్కడున్నాడో సంకేతంతో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటం ముందే నేర్చుకోవాలి: మంచులో కప్పబడిపోయిన మనిషిని పావుగంటలో తవ్వితీస్తేనే ఆశ, కిందినుంచి సాయం అంతలో రాదు. గైడు తిరుగుదామంటే బేరం వద్దు, డబ్బు కట్టాం కదా అనొద్దు. గడియారం ఒకరికి అప్పగించండి. ఆ మనిషి పదైందంటే, ఫొటో మధ్యలో ఉన్నా తిరగండి.