ఇంట్లో మటన్ వేపుడు ఎలా చేయాలి?

బెంగళూరులో మన తెలుగు ఇళ్లలో ఆదివారం వడ్డించే మటన్ వేపుడు చాలాసార్లు వేపుడే కాదు, నీళ్లు ఇంకిన కూర. ఉప్పూ కారం సరిపోతాయి, ముక్క ఉడుకుతుంది, కానీ వేగదు. లోపం మసాలాలో లేదు. తడి పూర్తిగా పోకముందే పొయ్యి కట్టేయడంలో ఉంది.

తొడ, భుజం కలిపి కిలో మాంసం ఎముకతోనే తీసుకోండి. శివాజీనగర్ రసెల్ మార్కెట్ అయినా, వీధి చివరి కొట్టయినా ఒకటే. ముక్కలన్నీ చిన్నగా, ఒకే పరిమాణంలో కొట్టమని మాత్రం పట్టుబట్టండి. ఎముక లేని మాంసంతో వేపుడు చేయకూడదు.

కడిగి, నీరు ఓడ్చి, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు పట్టించి అర గ్లాసు నీళ్లతో కుక్కర్లో పెట్టండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్లోనూ ఆ తేడా కొంత ఉంటుంది కాబట్టి విజయవాడ విజిళ్ల లెక్క ఇక్కడ సరిపోదు. మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి 20 నిమిషాలు ఉంచండి. లేత మాంసమైతే 15 చాలు. ముక్కలో గోరు దిగాలి, కానీ మాంసం ఎముకను వదిలేయకూడదు. అంతకు మించి ఉడికితే మూకుట్లో పీచుపీచుగా విడిపోతుంది.

ఇక అసలు పని. వెడల్పాటి ఇనుప మూకుడు కావాలి. నాన్‌స్టిక్ వద్దు, ఈ వేపుడుకు కావలసిన వేడి దానికి మంచిది కాదు. నాలుగు చెంచాల వేరుశనగ నూనెలో ఒక ఉల్లిపాయ ఎర్రగా వేగాక మాంసాన్ని ఉడికిన నీటితో సహా పోసి మంట పెంచండి. ఆ నీరు పారబోస్తే రుచిలో సగం పోయినట్టే.

నీరున్నంతసేపు మూకుట్లో వేడి మరుగు దాటదు. మాంసం ఎర్రబడాలంటే 140 డిగ్రీలకు పైగా కావాలి. అందుకే ఎంత మంట పెట్టినా తడి పోయేదాకా ముక్క రంగు తిరగదు. చెవి పెట్టి వినండి. మొదట సలసల మరుగుతుంది, తర్వాత చిక్కబడి గుబగుబలాడుతుంది, చివరికి చిటపట మొదలై అంచుల్లో నూనె తేలుతుంది. చాలామంది గుబగుబ దగ్గరే దించేస్తారు. వేపుడు మొదలయ్యేది ఆ చిటపటతోనే.

అప్పుడు మంట తగ్గించండి. ఇంకా కనీసం 15 నిమిషాల పని ఉంది. మూత పెట్టకండి, ఆవిరి నీరై మళ్లీ మూకుట్లోకే దిగుతుంది. ముక్కలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే రెండు విడతలుగా వేయించండి. ఆపకుండా కలపకూడదు, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. వేగిన ముక్క అడుగును తనంతట తానే వదులుతుంది. అంటుకుందని గీకితే మసాలా పొర అక్కడే ఉండిపోతుంది, ముక్క బోడిగా బయటికి వస్తుంది. అడుగు మాడేలా ఉంటే మంట తగ్గించాలి తప్ప నీళ్లు చిలకరించకండి. చిలకరిస్తే అప్పటిదాకా చేసిందంతా వృథా. అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగి, మసాలా పలుచగా ముక్కను కరుచుకుంటే వేగినట్టు.

ఓవెన్‌లో సులువు కదా అంటారు. నిండు తొడకు ఓవెన్ మంచిదే. చిన్న ముక్కలు మాత్రం అందులో పొడిబారతాయి, మసాలా పట్టదు.

కారం ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది, ఇప్పుడే వేయాలి. ఇక్కడి కొట్లలో విరివిగా దొరికే బ్యాడగి కారం రంగునిస్తుంది, ఘాటు తక్కువ. గుంటూరు కారం, అదీ సగం సగం కలపండి. ధనియాల పొడి, దంచిన మిరియాలు, అప్పుడే వేయించి కొట్టిన లవంగం, దాల్చినచెక్క వేసి మూడు నిమిషాలు కలపండి. కరివేపాకు అన్నిటికంటే చివర. ప్యాకెట్ మసాలా వద్దు.

టమాటా వేయకండి, ఇనుములో పులుపు ఉడికితే లోహపు రుచి వస్తుంది. నిమ్మకాయ విస్తట్లో పిండుకోవచ్చు. దించగానే వేపుడును స్టీలు గిన్నెలోకి తీసేయండి, మూకుట్లో వదిలేస్తే నల్లబడుతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మళ్లీ మూకుట్లోనే సన్న మంట మీద వేడి చేయండి.