ట్రాక్టర్ సెల్ఫ్ తిరగకపోతే: కొత్త బ్యాటరీ కొనే ముందు చేయవలసిన పరీక్షలు

కీ తిప్పినప్పుడు ఇంజిన్ తిరగకపోతే మన ఊళ్లలో ముందుగా అనుమానం పడేది బ్యాటరీ మీదే. వేల రూపాయలు పోసి కొత్తది బిగించిన కొద్ది రోజులకే అదే ఇబ్బంది తిరిగి వస్తే, అసలు లోపం తుప్పు పట్టిన టెర్మినల్‌లోనో, బ్యాటరీ నెగటివ్‌ను ట్రాక్టర్ బాడీకి కలిపే ఎర్త్ వైరు వదులవడంలోనో, ఛార్జింగ్ చేయని డైనమోలోనో ఉండి ఉంటుంది. ఒక మామూలు మల్టీమీటర్, రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల బల్బు, వైర్ బ్రష్, సరిపోయే స్పానర్లు ఉంటే వీటిని రైతు స్వయంగా పరీక్షించుకోవచ్చు.

ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను రోజూ తిప్పే వేగంతోనే తిప్పుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, అది సాధారణంగా డీజిల్‌కు సంబంధించిన లోపం. స్టాప్ నాబ్ బయటికి లాగి ఉందేమో, డీజిల్ లైనులో గాలి చేరిందేమో, ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. స్టాప్ నాబ్ బదులు కీతోనే ఇంజిన్ ఆగే ట్రాక్టర్లలో మాత్రం పంపు దగ్గర కరెంటుతో డీజిల్‌ను వదిలి ఆపే స్టాప్ సోలినాయిడ్‌కు కరెంటు అందుతోందో లేదో కూడా చూడాలి. సెల్ఫ్ అసలు తిరగకపోయినా, ఈడ్చుకుంటూ తిరిగినా ఈ కింది పరీక్షలు చేయాలి.

పని మొదలుపెట్టే ముందు ట్రాక్టర్‌ను చదునైన నేల మీద నిలిపి, గేర్లన్నీ న్యూట్రల్‌లో పెట్టి, పీటీఓ (వెనుక పనిముట్లను తిప్పే షాఫ్టు) తప్పించి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. బ్యాటరీ నుంచి మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఈ వరుస తప్పితే, పాజిటివ్ మీద ఉన్న స్పానర్ ట్రాక్టర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

ఏ పరికరమూ ముట్టుకోకముందే చెవి, కన్ను చాలా సంగతి చెబుతాయి. హెడ్‌లైట్లు వేసి, ఒకరిని ముందు నిలబెట్టి, సెల్ఫ్ కొట్టి చూడాలి. లైట్లు పూర్తిగా మసకబారి సెల్ఫ్ మోటారు మీది సోలినాయిడ్ (కీ తిప్పినప్పుడు మోటారుకు కరెంటు కలిపే స్విచ్) టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో ఛార్జింగ్ లేదు, లేదా టెర్మినళ్ల దగ్గర పట్టు లేదు. లైట్లు బాగా వెలుగుతూనే ‘టక్’మని ఒకే ఒక్క గట్టి శబ్దం వచ్చి ఆగిపోతే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు, లేదా సెల్ఫ్ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయి ఉండవచ్చు. లైట్లు మామూలుగా ఉండి ఏ చప్పుడూ రాకపోతే కీ నుంచి సోలినాయిడ్ దాకా వెళ్లే సన్నటి వైరు దారిలో ఎక్కడో తెగి ఉండవచ్చు, లేదా సోలినాయిడ్ కాయిల్ పోయి ఉండవచ్చు. మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు వచ్చి ఇంజిన్ మాత్రం కదలకపోతే మోటారు కొసన ఉండే బెండిక్స్ గేరు ఇంజిన్ ఫ్లైవీల్ పళ్లను అందుకోవడం లేదు. అయితే ఇంజిన్ లోపల బిగుసుకుపోయినా లైట్లు మొదట చెప్పినట్టే మసకబారుతాయి కాబట్టి, అనుమానం ఉంటే ముందు పుల్లీకి స్పానర్ వేసి ఇంజిన్ చేత్తో తిరుగుతోందో లేదో చూసుకోవడం మంచిది.

ఇక బ్యాటరీ. ట్రాక్టర్‌ను కొన్ని గంటలు ఆపి ఉంచిన తరువాత మీటర్ పెడితే పూర్తి ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు, ఆ పైన చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టు. 12 కంటే తక్కువైతే ఛార్జింగ్ పెట్టకుండా మిగతా పరీక్షలు చేయడంలో అర్థం లేదు. అయితే 12.6 చూపించినంత మాత్రాన బ్యాటరీ మంచిదని అనుకోకూడదు; ఎక్కువ కరెంటు లాగినప్పుడు నిలబడగలదో లేదో చూడాలి. స్టాప్ నాబ్ లాగి పెట్టి, ఇంజిన్ అందుకోకుండా చేసి, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు బ్యాటరీ పోల్స్ మీద మీటర్ చూడాలి. 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించిందనే అర్థం. నీళ్లు పోసే రకమైతే లోపలి ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కొక్క సెల్ చూడవచ్చు. ఐదు సెల్స్ బాగుండి ఒకటి మాత్రం సాంద్రతలో 0.050 కంటే ఎక్కువ తేడా చూపిస్తే ఆ సెల్ చచ్చినట్టే, దానికి ఎంత ఛార్జింగ్ పెట్టినా నిలవదు. నీటి మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీరు ఎంత తేటగా కనిపించినా పనికిరాదు, అందులోని లవణాలు పలకలను పాడు చేస్తాయి.

ఎక్కువ లోపాలు దొరికే చోటు, ఎక్కువ మంది చూడని చోటు కూడా, కనెక్షన్లే. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు వందల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 200 ఆంపియర్లు వెళ్లే దారిలో ఓములో వందో వంతు నిరోధం ఉన్నా అక్కడే 2 వోల్టులు పోతాయి. అదే కనెక్షన్ మీదుగా హెడ్‌లైటు మాత్రం చక్కగా వెలుగుతుంది, ఎందుకంటే దానికి కావలసింది కొద్ది ఆంపియర్లే. లైటు వెలుగుతోంది కదా, కనెక్షన్ బాగున్నట్టే అనుకోవడం ఇక్కడే బోల్తా కొట్టిస్తుంది.

పరీక్ష ఇలా చేయాలి. మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోల్ నడుమ సీసం మీద, రెండవ మొన ఇంజిన్ బ్లాక్ మీద రంగు లేని బోల్టుకు ఆనించి, సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ దారిలో లోపం ఉంది. అప్పుడు మొనలను దగ్గరగా జరుపుతూ, పోల్‌కూ లగ్గుకూ (వైరు చివర బిగించే లోహపు ముక్క) మధ్య, లగ్గుకూ వైరుకూ మధ్య, వైరు చివరకూ బాడీకీ మధ్య విడివిడిగా చూస్తే వోల్టులు ఎక్కడ పోతున్నాయో తెలిసిపోతుంది. పాజిటివ్ వైపు కూడా బ్యాటరీ పోల్ నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు వరకు ఇదే పద్ధతి. మీటర్ లేనివారు కొద్ది సెకన్లు సెల్ఫ్ కొట్టించిన వెంటనే ఒక్కొక్క లగ్గును వేలితో జాగ్రత్తగా తాకి చూడవచ్చు. వేడెక్కిన చోటే లోపం.

దమ్ము చేసే ట్రాక్టర్లలో ఎర్త్ వైరు సంగతి ప్రత్యేకంగా చూడాలి. నీళ్లలో, బురదలో నానిన ఎర్త్ లగ్గు పైకి బాగానే కనిపిస్తుంది, బోల్టు కూడా గట్టిగానే ఉంటుంది, కానీ విప్పి చూస్తే బాడీకి ఆనే ముఖం మీద గోధుమ రంగు తుప్పు పొర పేరుకుని ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాలి. బ్యాటరీ పోల్స్ మీది తెల్లటి, పచ్చటి చిలుమును వంట సోడా కలిపిన నీటితో కడగాలి. ఆ నీరు సెల్స్‌లోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. పోల్, లగ్గు లోపలి ముఖం రెండూ వైర్ బ్రష్‌తో రుద్ది, బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. లగ్గు వదులైందని సుత్తితో కొట్టి దించడం చాలా చోట్ల చూస్తాం. దానివల్ల పోల్ లోపల పగిలి బ్యాటరీయే పాడవుతుంది.

చప్పుడే రానప్పుడు సోలినాయిడ్ మీద సన్నటి వైరు ఉండే 50 నంబరు టెర్మినల్ దగ్గరికి వెళ్లాలి. బల్బు ఒక వైరు ఎర్త్‌కు, రెండవది ఆ టెర్మినల్‌కు పెట్టి కీ తిప్పించాలి. బల్బు నిండుగా వెలిగినా సోలినాయిడ్ కదలకపోతే దాని కాయిల్ పోయింది. బల్బు వెలగకపోతే అక్కడి నుంచి వెనక్కి వెతుక్కుంటూ రావాలి: రిలే, క్లచ్ దగ్గరి లేదా గేర్ లివర్ దగ్గరి సేఫ్టీ స్విచ్, కీ స్విచ్, ఫ్యూజు. షెడ్డులో చాలాకాలం ఉన్న బండి అయితే ఎలుకలు కొరికిన వైర్లు కూడా.

సేఫ్టీ స్విచ్ పాడైందని తేలితే కొత్తది వేయాలి, వైరుతో ముడివేసి వదిలేయకూడదు. అదే విధంగా కిందనే నిలబడి సోలినాయిడ్ బోల్టుల మధ్య స్క్రూ డ్రైవర్ ఆనించి స్టార్ట్ చేయడం ఎంత అనుభవం ఉన్నవారికైనా తగదు. గేర్‌లో ఉన్న ట్రాక్టర్ అలా అందుకుంటే ముందుకు దూకుతుంది, స్టార్ట్ చేసినవారు సరిగ్గా వెనుక చక్రం దారిలో నిలబడి ఉంటారు.

కరెంటు పూర్తిగా అందుతున్నా మోటారు తిరగకపోతే దాన్ని దింపి కార్బన్లు, బుష్‌లు చూపించాలి. ఇది ఆటో ఎలక్ట్రీషియన్ పని. ఒక్కోసారి పట్టి ఒక్కోసారి పట్టకపోతే ఫ్లైవీల్ రింగు పళ్లు అరిగాయేమో చూడాలి. ఇంజిన్ ఆగేటప్పుడు ప్రతిసారీ దాదాపు అవే చోట్ల ఆగుతుంది కాబట్టి పళ్లు కూడా ఆ చోట్లే అరుగుతాయి. పుల్లీ కొంచెం తిప్పి సెల్ఫ్ కొడితే పట్టిందంటే లోపం అదే. కీ వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే కాంటాక్టులు అతుక్కున్నాయన్నమాట. వెంటనే నెగటివ్ వైరు తీసేయాలి.

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో కనీసం అర నిమిషం ఆగాలి. వేరే ట్రాక్టర్ బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు పాజిటివ్‌ను పాజిటివ్‌కు కలిపి, నెగటివ్ వైరు చివరను మన బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజిన్ బ్లాక్‌కు పెట్టాలి. చాలా లారీల్లో 24 వోల్టులు ఉంటాయి, వాటి నుంచి నేరుగా తీసుకోకూడదు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే పొగ కాలుష్య ప్రమాణాలు వచ్చాక కంప్యూటర్‌తో నడిచే డీజిల్ వ్యవస్థలు పెరిగాయి. అటువంటి వాటిలో వోల్టుల తేడా మరింత ఖరీదైన నష్టం చేస్తుంది.

ఇంజిన్ అందుకున్న తరువాత రేజ్ కొంచెం పెంచి బ్యాటరీ మీద మళ్లీ మీటర్ పెట్టాలి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే డైనమో బాగున్నట్టు. ఇంజిన్ నడుస్తున్నా 12.5 దగ్గరే ఆగిపోతే ముందు బెల్టు బిగుతు, తరువాత డైనమో వెనుక వైర్లు చూడాలి. 15 దాటితే డైనమో వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్లు తరచుగా తగ్గిపోవడానికి కారణం అదే. డైనమో సరిగానే ఉన్నా ఒక్క రాత్రికే బ్యాటరీ దిగిపోతుంటే, కీతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన టేపు రికార్డర్, అదనపు లైట్ల వైర్లు ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.