కొన్న క్యాసెట్లు, సీడీల పాటలు ఫోన్లోకి ఎక్కించుకోవడం ఎలా? ఎక్కడ ఆగాలి?

నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందుల్లో, ఒంగోలు బస్టాండు చుట్టుపక్కల సెల్‌ఫోన్ షాపుల మీద "పాటలు ఎక్కించబడును" అన్న బోర్డులు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్ ఇచ్చి టీ తాగి వచ్చేలోపు వెయ్యి పాటలు నింపేస్తారు. మనం డబ్బు పెట్టి కొన్న క్యాసెట్లూ సీడీలూ మాత్రం ఇంట్లో అటకెక్కి ఉంటాయి. ఈ రెంటిలో చట్టం ముందు నిలబడేది అటక మీది సరుకే. దాన్ని ఫోన్లోకి, కారులోకి దింపుకునే పద్ధతి ఇది.

1. కొన్నదేదో, అద్దెదేదో తేల్చుకోండి

కంపెనీ లేబుల్ ఉన్న క్యాసెట్లు, ఆడియో సీడీలు, డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్న ఫైళ్లు ఒక పక్కన పెట్టండి. ఇవి మీరు కొన్నవి. నెలనెలా చందా కట్టి వినే యాప్‌లలోని పాటలు కొన్నవి కావు. అందులో "డౌన్‌లోడ్" నొక్కినా ఆ ఫైలు యాప్ లోపలే తాళం వేసి ఉంటుంది, చందా ఆపితే పోతుంది. దాని జోలికి పోకండి.

రైల్వే స్టేషన్ల దగ్గర అమ్మిన "150 పాటల ఎంపీ3 సీడీ" సంగతేమిటని అడుగుతారు. పది కంపెనీల సినిమాల పాటలు ఒకే సీడీలో, అదీ సమోసా ధరకు వచ్చాయంటే అది దొంగ సరుకే. మనం డబ్బిచ్చినంత మాత్రాన దొర సరుకైపోదు.

వీటన్నిటికంటే ముందు తీయాల్సినవి వేరే ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు పాడిన మంగళహారతులు, ఊళ్లో పద్యనాటకం ఆడినప్పుడు టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న క్యాసెట్లు. సినిమా పాట ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఇవి ఇంకెక్కడా దొరకవు.

2. చట్టం ఏమంటుందో ఒకసారి చూడండి

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో సెక్షన్ 52(1)(ఎ) ప్రకారం సొంత వాడకం కోసం న్యాయంగా వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. మొదట్లో ఈ వెసులుబాటు సాహిత్యం, నాటకం, సంగీతం, కళాకృతుల వరకే ఉండేది. సౌండ్ రికార్డింగ్ ఆ జాబితాలో లేదు. 2012 సవరణలో కంప్యూటర్ ప్రోగ్రాం తప్ప ఏ కృతికైనా వర్తిస్తుందని మార్చారు. ఇన్ని కాపీలే తీయాలన్న లెక్క చట్టంలో లేదు, న్యాయంగా ఉండాలన్నదే షరతు. నన్నడిగితే ఫోన్లో ఒకటి, కారులో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి సొంత వాడకమే. పదిమంది బంధువులకు పది పెన్‌డ్రైవ్‌లు పంచడం కాదు.

బ్రిటన్‌లో ఈపాటి కూడా నిలవలేదు. 2014 అక్టోబరులో సొంత కాపీకి అనుమతిస్తూ నిబంధన తెచ్చారు. పాటల వాళ్లకు పరిహారం ఏర్పాటు లేదని సంగీత సంఘాలు కోర్టుకెక్కాయి, 2015 జులైలో అది కాస్తా రద్దయింది.

3. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి దించండి

ముందు క్యాసెట్‌ను వెలుతురులో పెట్టి కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. మన కోస్తా ఉక్కకు చుట్ట అంచున తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన దాన్ని మంచి ప్లేయర్‌లో పెట్టొద్దు, టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. బాగున్న క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ చెక్కులు ఉంటాయి. కంపెనీ క్యాసెట్లకు అవి ముందే ఉండవు. ఇంట్లో రికార్డు చేసిన వాటికి మాత్రం ఆ చెక్కులు విరగ్గొట్టేయండి. పొరపాటున రికార్డు బటన్ తగిలినా అమ్మమ్మ గొంతు చెరిగిపోదు.

టేపు వదులైతే పెన్సిల్ దూర్చి బిగించండి, ఇది ఎవరికీ నేర్పక్కర్లేదు. తర్వాత ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి అతుక్కుని ఉన్న పొరలు విడిపోతాయి. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన చెవిపుల్లతో తుడవండి. పుల్ల గోధుమరంగులోకి తిరుగుతుంది. ఆ మురికి పోతేనే "స", "శ" స్పష్టంగా వినపడతాయి.

ఇప్పుడు ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్ఇన్‌కు 3.5 మి.మీ. కేబుల్ కలపండి. డెస్క్‌టాప్‌లో అది సాధారణంగా నీలంరంగు రంధ్రం. ఈమధ్య ల్యాప్‌టాప్‌లకు చాలావరకు ఒకటే రంధ్రం, దానికి లైన్ఇన్ ఉండదు. స్టీరియో లైన్ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కొనండి. కొనేముందు "స్టీరియో" అన్నమాట చూసుకోండి, లేకపోతే కుడి ఎడమ రెండూ కలిసి ఒకటే అయిపోతాయి.

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని 44,100 హెర్ట్జ్, 16 బిట్ స్టీరియో పెట్టండి. కోరస్ గట్టిగా వచ్చే పాట పెట్టి, మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ప్లేయర్ వాల్యూమ్ సరిచేయండి. మీటరు ఎర్రగీత తాకితే గొంతు పగులుతుంది, దాన్ని తర్వాత బాగుచేయలేం. క్యాసెట్ ఎంతసేపు పాడితే అంతసేపూ కూర్చోవాల్సిందే, దొడ్డిదారి లేదు. గంట క్యాసెట్ మొదట వేవ్ ఫైలుగా 600 ఎంబీ పైనే అవుతుంది. దాన్ని అసలు ప్రతిగా దాచి, పాటలు విడగొట్టి 192 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చితే 90 ఎంబీ లోపే సరిపోతుంది.

4. సీడీ సంగతి

ఇది సుళువు. డ్రైవ్‌లో పెట్టి విండోస్ మీడియా ప్లేయర్‌లో "రిప్" నొక్కడమే. చోటుంటే నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్, లేకపోతే ఎంపీ3 ఎంచుకోండి. కారు కోసమైతే పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, చాలా కారు స్టీరియోలు తెలుగు పేర్లను డబ్బాలుగా చూపిస్తాయి.

తాళం ఉన్న ఫైళ్ల విషయంలో జాగ్రత్త. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే సెక్షన్ 65ఎ కింద రెండేళ్ల దాకా జైలు. అలాగని కంపెనీలన్నీ పత్తిత్తులేం కావు. 2005లో సోనీ బీఎంజీ అమెరికాలో అమ్మిన కొన్ని సీడీలు కాపీని ఆపే పేరుతో కొన్నవాళ్ల కంప్యూటర్లలో చెప్పాపెట్టకుండా ఒక రహస్య ప్రోగ్రాం దూర్చాయి. గొడవై, చివరికి ఆ సీడీలను వెనక్కి తీసుకున్నారు.

5. అసలు ప్రతిని అమ్మొద్దు, ఇవ్వొద్దు

కాపీ తీసుకున్నాక క్యాసెట్‌ను పాతసామాన్లవాడికి వేస్తే మీరు కొన్నారనడానికి రుజువు పోతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచండి. బిల్లుంటే అదీ అందులోనే.

6. చేయి దాటితే కథ వేరు

వాట్సాప్ గ్రూపులో ఆల్బం మొత్తం పెట్టడం సొంత వాడకం కాదు. యూట్యూబ్‌లో పెడితే పాటలను గుర్తుపట్టే దాని కంటెంట్ ఐడీ వ్యవస్థ పట్టేస్తుంది. "క్లెయిమ్" వస్తే సాధారణంగా ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోతుంది, అంతే. "స్ట్రైక్" వేరు, అది కాపీరైట్ హెచ్చరిక, 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ ఎగిరిపోతుంది.

డబ్బు తీసుకుని పాటలు ఎక్కించే షాపువాళ్లది ఇంకా పెద్ద చిక్కు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరునెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. లాభం కోసం చేసింది కాకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు. పదిరూపాయల ఆశకు ఇంత టెన్షన్ ఎందుకో నాకర్థం కాదు.

పాత పాటే కదా, ఎవరిదీ కాదులే అనుకోవద్దు. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. బాణీ, సాహిత్యాల మీద రాసినవారు పోయాక 60 ఏళ్లు. ఘంటసాల 1974లో కన్నుమూశారు, కాబట్టి ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది.

7. నలుగురిలో వేయాలంటే

సొంతానికి కాపీ తీసుకోవడం ఒకటి, పదిమందిలో వినిపించడం ఇంకొకటి. మన నెల్లూరు బాలుగారికే 2017లో అమెరికా కచేరీల మధ్య ఇళయరాజా తరఫు నుంచి లాయరు నోటీసు వచ్చింది, ఆయన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడొద్దని. పాడినవాడికే ఆ తంటా! తర్వాత ఇద్దరూ కలిసిపోయి 2019లో చెన్నైలో ఒకే వేదికెక్కారనుకోండి.

పెళ్లికి మాత్రం భయం లేదు. మతపరమైన కార్యక్రమాలకు సెక్షన్ 52(1)(జెడ్ఎ) మినహాయింపు ఇస్తుంది. పెళ్లి ఊరేగింపు, దానికి సంబంధించిన వేడుకలు కూడా అందులోకే వస్తాయని వివరణలో ఉంది. అదే ఫంక్షన్ హాలులో డిసెంబరు 31 రాత్రి టికెట్ పెట్టి డీజే వేస్తే రికార్డింగ్‌లకు పీపీఎల్ వంటి సంస్థల నుంచి, బాణీ సాహిత్యాలకు ఐపీఆర్‌ఎస్ నుంచి లైసెన్సు అవసరమవుతుంది. ఆ డబ్బు హాలువాళ్లు కట్టాలా, కార్యక్రమం పెట్టేవాళ్లు కట్టాలా అన్నది అడ్వాన్సు ఇచ్చేరోజే రసీదు మీద రాయించుకోండి.