ఎల్లాప్రగడ సుబ్బారావును ఒక్క పీరియడ్‌లో చెప్పాలంటే

పశ్చిమ గోదావరిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచర్ని. జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన భీమవరం మా పిల్లలు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే ఊరే. మొదటి ఏడు ఆయన ఫొటో గోడకు తగిలించి, "1895 జనవరి 12న జన్మించారు" అని మొదలుపెట్టాను. పిల్లలు నోట్సు రాసుకున్నారు, వారం తిరిగేసరికి మర్చిపోయారు. అప్పట్నుంచి ముందు వస్తువు చూపిస్తాను, ఆ తర్వాతే మనిషి పేరు చెప్తాను. మీరూ అలా చెప్పి చూడండి.

ముందురోజే మూడు తెచ్చిపెట్టుకోండి: బడిలో పంచే నీలం రంగు ఐరన్ మాత్రలు, బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్రలు (ఆశా కార్యకర్తని అడిగితే చూపించడానికి ఇస్తారు), ఎవరింట్లోంచైనా నాలుగు డీఏపీ (భాస్వరం ఉండే ఎరువు) గుళికలు. మాత్రలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లల చేతికివ్వొద్దు.

డీఏపీతో మొదలుపెట్టండి. ఒక గుళిక లీటరు నీళ్ళలో కరిగించండి. ఒక పరీక్షనాళికలో ఆ నీళ్ళు, రెండోదాంట్లో అవే నీళ్ళు సగానికి సగం పలచన చేసి, మూడోదాంట్లో ఉత్త మంచినీళ్ళు పొయ్యండి. మూడింట్లోనూ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ కొద్దిగా, చిటికెడు విటమిన్ సి పొడి వేసి, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. ఆమ్లం మీరే పొయ్యాలి, చేతులకు తొడుగులుండాలి. కాసేపటికి మొదటిది ముదురు నీలం, రెండోది లేత నీలం అవుతాయి. భాస్వరం ఎంతుంటే నీలం అంత. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలవడానికి ప్రచురించిన పద్ధతికి మూలం ఇదే. రంగును నీలంగా మార్చడానికి వాళ్ళు వాడిన రసాయనం వేరు, అంతే. ఆ కొలతే వాళ్ళను కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వరపు పదార్థం దగ్గరికీ, తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీ దగ్గరికీ తీసుకెళ్ళింది. పదో తరగతి పిల్లలకు ఏటీపీ అనగానే కళ్ళు మెరుస్తాయి, అక్కడ కాస్త ఆగండి.

తర్వాత నీలం మాత్ర. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆమ్లమూ ఉంటుంది. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ (అమెరికాలోని మందుల కంపెనీ) బృందానికి పెద్ద సుబ్బారావే. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సొంత సోదరుణ్ణి పొట్టనపెట్టుకుంది. ఆ జబ్బుకు మందుగా పనికొచ్చింది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఈ మాట నేనెప్పుడూ తొందరగా దాటెయ్యను.

బోదకాలు మాత్ర చివర చూపించండి. డీఈసీని మందుగా తెచ్చింది కూడా ఆ లెడర్లీ పరిశోధనశాలే. ఒక ఏడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మా నాయనమ్మకి ఆ కాలే టీచర్" అంది. ఆ రోజు మిగతా పాఠం ఆపేసి, ఆ పిల్ల చెప్పింది విన్నాం. మీ క్లాసులోనూ ఎవరో ఒకరు లేస్తారు. వాళ్ళకు టైమివ్వండి.

ఇక జీవితం పది నిమిషాల్లో చెప్పొచ్చు. మెట్రిక్ తప్పి తప్పి మూడోసారికి గట్టెక్కడం, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్న పట్టా ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవడం, బోస్టన్‌లో రాత్రిపూట ఆసుపత్రిలో కూలిపని, 1948లో 53 ఏళ్ళకే న్యూయార్క్‌లో మరణం. దేశం దాటాక మళ్ళీ సొంతూరు చూడలేదు.

ఒక్క జాగ్రత్త. "అన్నీ ఆయనొక్కడే కనిపెట్టాడు" అనకండి. ఏటీపీని 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నాడు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వెలికితీసింది లెడర్లీలోనే పనిచేసిన బెంజమిన్ డగ్గర్. లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఆ బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూసింది సిడ్నీ ఫార్బర్. ఈ పేర్లన్నీ బోర్డు మీద సుబ్బారావు పేరు పక్కనే రాయండి. మన ఊరివాడి గొప్ప చెప్పడానికి పక్కవాళ్ళ పేరు చెరపక్కర్లేదు, పైగా పిల్లలు రేపు ఎక్కడో చదివితే మన మాటే నమ్మరు.

ఇంటిపని ఒక్కటే ఇవ్వండి: ఇంట్లో ఏదైనా ఒక మందు పేరు రాసుకురమ్మనండి, దాని వెనక ఉన్న మనిషిని మనం వెతుకుదామని చెప్పండి. కిందటేడు ఒక పిల్లాడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెచ్చాడు. అందుకని తర్వాతి వారం 1971 నాటి బంగావ్ శరణార్థి శిబిరం, అక్కడ కలరా రోగులకు ఆ నీళ్ళు తాగించిన దిలీప్ మహలనాబిస్. బల్ల మీదికి కావలసినవి ఉప్పు, గ్లూకోజు, వంటసోడా.