మొదటిసారి శ్రీవారి సేవకి వెళ్తున్నారా? నోరు తెరవడానికి భయపడేవాళ్ల కోసం

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు చచ్చేంత భయం. ఆటో అతన్ని ఆగమనాలన్నా పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే. డిగ్రీ అయిపోయి రెండేళ్లైనా ఖమ్మం దాటి అమ్మానాన్న లేకుండా ఎక్కడికీ వెళ్లింది లేదు. ఇలాంటివాళ్లకి "బయటికి వెళ్లు, నలుగురిలో తిరుగు, అదే అలవాటవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లకి కొదవుండదు, ఎక్కడికి వెళ్లాలో, వెళ్లి ఏం చేయాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు పనికొచ్చింది తిరుమలలో వారం రోజుల శ్రీవారి సేవ, అంటే అక్కడికొచ్చే భక్తులకి జీతం లేకుండా చేసే పని. భక్తి సంగతి ఎవరి లెక్క వాళ్లకుంటుంది కాబట్టి దాని జోలికి పోను. మొదటిసారి ఇల్లు దాటి, ముక్కూమొహం తెలియని వేలమంది మధ్య పని చేయడానికి ఎలా సిద్ధం కావాలో, అదొక్కటే రాస్తాను.

అసలు ఇదే ఎందుకంటే, అక్కడ మీ చేతికి పని ఇస్తారు. పెళ్లిలోనో ఫంక్షన్‌లోనో అయితే ఎక్కడ నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫోన్ చూసుకుంటూ మూల కూర్చుంటాం కదా, సాంబారు బకెట్ పట్టుకున్నాక ఆ బాధ ఉండదు. "ఏం చదివావమ్మా, పెళ్లెప్పుడు" అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మనం మాట్లాడాల్సినవి నాలుగైదు మాటలే, కానీ వాటినే పొద్దుట నుంచి సాయంత్రం దాకా వందలసార్లు అనాలి.

ముందు వివరాలు. శ్రీవారి సేవని టీటీడీ 2000లో మొదలుపెట్టింది. జీతం ఉండదు, ఉండటానికి చోటు, భోజనం వాళ్లే చూస్తారు, సేవ ముగిసేటప్పుడు దర్శనం ఉంటుంది. 18 ఏళ్లు నిండిన హిందువులై ఉండాలి, గంటలకొద్దీ నిలబడే ఓపిక ఉండాలి. ఇది కాక ఆడవాళ్లకి వెన్న చిలికే నవనీత సేవ, మగవాళ్లకి హుండీ కానుకలు లెక్కపెట్టే పరకామణి సేవ కూడా ఉన్నాయి, వాటి అర్హతలు వేరు. పేరు నమోదు టీటీడీ వెబ్‌సైట్‌లోనే. తేదీలు, వయసు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి అప్పటికప్పుడు అక్కడే చూసుకోండి. "సేవలో చేర్పిస్తాం, కొంచెం ఖర్చవుతుంది" అని ఎవరైనా అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, దీనికి ఫీజు లేదు.

ఎక్కువమంది గుంపుగా వస్తారు, పది పదిహేను మందికి ఒక లీడర్. మనకి గుంపెక్కడిదంటారా? మీ వీధి గుళ్లో శనివారం భజన చేసే ఆంటీలని అడగండి. ప్రతి ఊళ్లో ఇప్పటికి నాలుగైదుసార్లు సేవకి వెళ్లొచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లకి ఎప్పుడూ ఒకరిద్దరు తక్కువపడుతూనే ఉంటారు. నేను మా పక్క కాలనీ భజన మండలితో వెళ్లాను. మొత్తం పదకొండు మందిమి, నా తర్వాత చిన్నావిడకి నలభై రెండేళ్లు. మా అమ్మ ఒప్పుకోవడానికి అదే కారణం, లేకపోతే ఈ పాటికి కూడా "వచ్చే ఏడాది చూద్దాంలే" అంటూ ఉండేది.

నేరుగా తిరుమల వెళ్లకుండా ముందు మీ ఊళ్లోనే ఒక పూట పని చేసి చూడండి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు పంచడం, అయ్యప్ప పూజ దగ్గర వడ్డన, రక్తదాన శిబిరంలో బిస్కెట్లు, జ్యూస్ అందించడం, ఏదైనా సరే. ఇంకా చదువుకుంటున్నవాళ్లైతే మీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఉందేమో చూడండి, 1969 నుంచీ నడుస్తున్న పథకం, రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు ఉంటాయి. మా కాలేజీలో కూడా ఉండేది, నేను పేరిచ్చి ఒక్కరోజు కూడా వెళ్లలేదు, ఆ సంగతి వదిలేయండి.

ఇక చీర. సేవలో ఆడవాళ్లు నారింజరంగు చీర, మెరూన్ జాకెట్ వేసుకోవాలి, మగవాళ్లు తెల్ల బట్టలు. మీరు నాలాగా పెళ్లిళ్లకి మాత్రమే, అదీ అమ్మ కడితే చీర కట్టుకునే రకం అయితే దయచేసి ఇంట్లో ఒక రోజంతా కట్టుకుని తిరగండి. ఊడవండి, మెట్లెక్కండి, బకెట్‌తో నీళ్లు మోయండి. కుచ్చిళ్లు ఎక్కడ జారుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. పిన్నీసులు డజను పెట్టుకోండి, అందులో సగం పక్కవాళ్లకే పోతాయి. చీరలు కనీసం రెండు ఉండాలి, ఉతికింది ఆరకపోతే కష్టం. చలికాలమైతే శాలువా తప్పనిసరి, కొండ మీద తెల్లవారుజామున వణికిస్తుంది. అలిపిరిలో తనిఖీ ఉంటుంది, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొండ మీద నిషేధం కాబట్టి స్టీల్ బాటిల్ తీసుకెళ్లండి. ఒరిజినల్ ఆధార్ మర్చిపోతే ఇంత ప్రయాణమూ దండగ. నెలసరి తేదీ కూడా లెక్క చూసుకోండి. మధ్యలో వస్తే సిగ్గుపడకుండా లీడర్‌కి చెప్పేయండి, ఏం చేయాలో వాళ్లకి తెలుసు, మీరేం మొదటివారు కాదు.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది. మేం పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లో ఖమ్మంలో రాత్రి ఎక్కి పొద్దున్నే తిరుపతిలో దిగాం. నాది మాత్రం వేరే బోగీ వచ్చింది, టికెట్ ఆఖర్లో తీసుకున్నందుకు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, గూడూరు వచ్చేదాకా బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకునే కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దాయన చూసి చూసి "అమ్మా, బ్యాగుకి గొలుసు వేసి తాళం పెట్టుకుని పడుకో, లేకపోతే రేపు నిలబడి నిద్రపోతావ్" అన్నారు. నిజంగానే మర్నాడు సగం నిద్రలో ఉన్నాను. కాబట్టి గొలుసు, తాళం కొనుక్కోండి, వంద రెండొందలకి వస్తాయి. స్టేషన్ ఎదురుగానే కొండకి బస్సులుంటాయి. ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పేవాళ్లు కిటికీ పక్కన కూర్చోండి, పొద్దున్నే ఇడ్లీలు దట్టించి ఎక్కకండి.

పని ఏది పడుతుందో మన చేతిలో ఉండదు. క్యూ కాంప్లెక్స్‌లో వేచి ఉన్నవాళ్లకి పాలు, నీళ్లు అందించడం, లడ్డూ కౌంటర్లు, కూరగాయలు తరగడం, అన్నప్రసాదంలో వడ్డన, ఏదైనా రావచ్చు. లడ్డూ కౌంటరే కావాలని కొందరు లీడర్ వెంట పడతారు, అలా చేయకండి. మా వాళ్లకి మొదటి రెండు రోజులు కూరగాయలు పడ్డాయి. గుట్టలుగా గుమ్మడికాయలు, సొరకాయలు, చుట్టూ వరసగా కూర్చున్న వాళ్లు. మాటలు రానివాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం, ఎందుకంటే చూపు ముక్క మీద ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ల మొహం చూడక్కర్లేదు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఒంగోలు నుంచి వచ్చినావిడ నా కత్తి తీసుకుని "ఇట్టా కాదు పాపా, బొటనవేలు లోపలికి ముడుచుకో" అని చూపించింది. గంట తర్వాత నేను ఆవిడకి మా నాన్నతో ఉద్యోగం విషయంలో జరిగిన గొడవ మొత్తం చెప్తున్నాను, మా ఇంట్లో కూడా ఎవరికీ అంత చెప్పలేదు.

మూడో రోజు వడ్డన. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం 2011లో మొదలైంది, ఒక్కో హాల్లో వెయ్యిమంది కూర్చుంటారు. వెంగమాంబ 18వ శతాబ్దపు కవయిత్రి, తరిగొండ నుంచి వచ్చి కొండ మీదే ఉండిపోయినావిడ. ఆ హాల్లోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నాకు కాళ్లు ఆడలేదు. బంతి లేచేలోపు మనం వరస చివరికి చేరాలి, వెనకాల రసం వస్తూ ఉంటుంది, ఆగితే అన్నీ ఆగుతాయి.

ఇక్కడ కొన్ని చిట్కాలు. బకెట్ నిండా పోయించుకోకండి, ముప్పావు చాలు. గరిటె అడుగు నుంచి తిప్పి తీయండి, లేకపోతే ముందువాళ్లకి నీళ్లు, చివరివాళ్లకి పప్పు వస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, అక్కడ మీరు ఎవరివాళ్లూ కాదు, కడబంతికీ అదే గరిటె. వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాళ్లకి బలవంతంగా వేయకండి.

భాష ఇంకో టెన్షన్. సగంమందికి తెలుగు రాదు. చాలా అని అడగడానికి తమిళంలో "పోదుమా", కన్నడంలో "సాకా", హిందీలో "బస్?" అంటే సరిపోతుంది. నీళ్లకి తమిళంలో "తణ్ణి", మజ్జిగకి "మోర్". మిగతాదంతా "గోవిందా" ఒక్కటే చూసుకుంటుంది. జరగండి అనడానికి గోవిందా, ఆగండి అనడానికి గోవిందా, తప్పుకోండి వేడి వేడి అనడానికి కూడా గోవిందానే, గొంతు మారుతుందంతే. మొదటి గంట నాకు ఆ మాట కూడా బయటికి రాలేదు, పెదాలు కదిపి ఊరుకున్నాను. నాలుగో బంతిలో ఒక ముసలాయన పంచె మీద సాంబారు ఒలకబోశాను. వేడిదే. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన పంచె దులుపుకుని "పరవాయిల్లమ్మా" అని మళ్లీ వేయమన్నట్టు అన్నం మధ్యలో గుంట చేసి చూపించారు. ఆ తర్వాత నా గొంతు ఎలా లేచిందో నాకే తెలియదు, సాయంత్రానికి లీడర్ ఆంటీ "ఖమ్మం పిల్లా, కొంచెం నెమ్మదిగా అరువు" అన్నారు.

కాళ్లు మాత్రం వాచిపోతాయి. ఎక్కువసేపు చెప్పుల్లేకుండా నిలబడాలి కాబట్టి రాత్రి గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసుకుని పది నిమిషాలు పెట్టండి, కాళ్లు దిండు మీద పెట్టి పడుకోండి. మాత్రలు వేసుకునేవాళ్లు వారానికి సరిపడా తెచ్చుకోవాలి. ఒంట్లో బాగోలేకపోతే చెప్పి ఒక పూట ఆగిపోండి, పడిపోయేదాకా లాగి పక్కవాళ్లకి పని పెంచొద్దు.

అందరికంటే పెద్ద సమస్య చుట్టాలు. మీరు కొండ మీదున్నారని తెలిసిన మరుక్షణం, పదేళ్లుగా పలకని పెదనాన్నగారబ్బాయి కూడా ఫోన్ చేస్తాడు: "నువ్వక్కడే ఉన్నావుగా, మాకో దర్శనం చూడవా?" చూడలేను అని చెప్పండి. సేవకుల స్కార్ఫ్ మెడలో ఉంది కదా అని ఎవరినీ క్యూ దాటించకూడదు, భక్తులు చేతిలో పెట్టబోయే పదో పరకో కూడా తీసుకోకూడదు. నాకు మనుషులకి "కుదరదు" అని చెప్పడం వచ్చింది ఈ ఫోన్ల దగ్గరే, వడ్డన దగ్గర కాదు. మొదటిదానికి పావుగంట సంజాయిషీ ఇచ్చుకున్నాను, ఆరోదానికి ఒక్క ముక్కలో తేల్చేశాను. స్టేటస్‌లో ఫోటోలు పెట్టడం ఇంటికొచ్చాకే అని ఎందుకు చెప్తున్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

తిరుగు ప్రయాణానికి దర్శనం రోజునే టికెట్ పెట్టుకోకండి, ఒక రోజు గడువుండనివ్వండి. తడి చీరలు వేరే సంచిలో వేయండి. లడ్డూలు ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే చెమ్మ పట్టి బూజొస్తుంది, స్టీల్ డబ్బాలో కాగితం పరిచి పెట్టుకోండి. రైల్లో ఎదురు సీటువాళ్లకి కొంచెం పెట్టి మాట కలపండి. ఇంటికి చేరేసరికి ఒకటి తగ్గినా ఎవరూ లెక్కపెట్టరు, మా అమ్మ తప్ప.