వాతావరణ హామీలో శాతం వెనకున్న టన్నులు పట్టుకోవడం ఎలా?

వాతావరణ మార్పుపై కుదిరిన పారిస్ ఒప్పందంలో చేరిన ప్రతి దేశమూ ఉద్గారాలను (భూమిని వేడెక్కించే వాయువుల విడుదలను) ఎలా అదుపు చేస్తుందో ఐదేళ్లకోసారి రాసివ్వాలి. ఆ పత్రమే ఎన్‌డీసీ. వార్తల్లో కనిపించే శాతం ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం యూఎన్‌ఎఫ్‌సీసీసీ వెబ్‌సైట్‌లోని ఎన్‌డీసీ రిజిస్ట్రీలో దేశం పేరుతో వెతికి అసలు పత్రం దించుకోండి. పాత పత్రం కూడా దించుకోండి, దానితో చివర్లో పని పడుతుంది. ముందుమాటలు వదిలేసి, ఆధార సంవత్సరం (కోతను ఏ ఏడాదితో పోలుస్తారో అది), రంగాలు, వాయువులు ఉండే పట్టికకు వెళ్లండి. చాలా పత్రాల్లో అది చివర ఉంటుంది.

మొదట తేల్చాల్సింది, ఆ శాతం దేని మీద అన్నది. యూరోపియన్ యూనియన్‌ది తేలిక: 1990 నాటి ఉద్గారాల మీద 2030కి నికరంగా, అంటే అడవులు వంటివి పీల్చుకునేది తీసేశాక, కనీసం 55 శాతం కోత. భారత్ 2022లో చెప్పిన 45 శాతం అలాంటిది కాదు. అది 2005తో పోల్చి, జీడీపీలో ఒక్కో రూపాయికి ఎంత ఉద్గారం అన్న లెక్క. ఈలోపు జీడీపీ మూడింతలైందనుకుందాం. 45 శాతం పోగా మిగిలేది 0.55; 3ను 0.55తో గుణిస్తే 1.65. హామీ నిలబెట్టుకున్నా మొత్తం ఉద్గారాలు 65 శాతం పెరగొచ్చు. ఇందులో మోసమేమీ లేదు. ఆ రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

మూడో రకంతో ఇంకా జాగ్రత్త. ఏ చర్యా తీసుకోకపోతే ఎంతవుతుందో ఊహించి, ఆ ఊహ మీద కోత చూపిస్తారు. ఇండోనేషియా 2022 పత్రంలో 2030కి ఊహించిన అంకె సుమారు 287 కోట్ల టన్నులు. సొంతంగా 31.89 శాతం తగ్గిస్తే మిగిలేది 195 కోట్లు. 2010లో ఉన్నదే 133 కోట్లు! అదే పత్రంలో 43.20 శాతం అన్న అంకె కూడా ఉంది, అది అంతర్జాతీయ సాయం అందితేనే. షరతు ఉన్నదాన్నీ లేనిదాన్నీ వేర్వేరుగా రాసుకోండి.

తర్వాత అడవులు. అవి పీల్చుకునే కార్బన్‌ను లక్ష్యంలో కలిపారో లేదో చూడండి. కలిపితే పొగగొట్టాల దగ్గర పెద్దగా తగ్గకుండానే అంకె తగ్గినట్టు కనిపించవచ్చు. విదేశాల నుంచి కొనే కార్బన్ క్రెడిట్ల (వేరే చోట తగ్గిన ఉద్గారాలను డబ్బిచ్చి తమ లెక్కలో వేసుకోవడం) మాట కూడా వెతకండి. అంతర్జాతీయ విమానాలు, ఓడల ఇంధనం సాధారణంగా ఏ దేశం మొత్తంలోనూ కలవదు.

ఇక పాత పత్రం తీయండి. కొత్త హామీ పాతదాన్ని మించి ఉండాలన్నది ఒప్పందం ఉద్దేశం. ఇక్కడ శాతాలు వదిలేసి టన్నులే పోల్చాలి. 2020లో బ్రెజిల్, 2005తో పోల్చి 2030కి 43 శాతం కోత అన్న పాత హామీని అలాగే ఉంచింది. కానీ 2005 నాటి ఉద్గారాల అంచనా 210 కోట్ల టన్నుల నుంచి 280 కోట్లకు పెరగడంతో, 2030 పరిమితి దాదాపు 120 నుంచి 160 కోట్లకు ఎగబాకింది. 2023లో శాతాన్ని 53కు పెంచాకే అది మళ్లీ 120 దగ్గరకు వచ్చింది.