వాన పడలేదు, అయినా పరుపు తడిసింది: పికప్ మీద ఫ్యామిలీ టెంటు సమస్యలు, పరిష్కారాలు

డిసెంబర్, జనవరి వచ్చిందంటే నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే: “అన్నా, టెంటు లీక్ అయితున్నది.” నేను ముందుగాల అడిగేది ఒక్కటే. “రాత్రి వాన పడ్డదా?” అవతల కాసేపు చప్పుడు ఉండదు. వాన పడని రాత్రి టెంటు ఎట్లా కారుతది? ఈ ఒక్క ముక్క ఆలోచించకుండా సీలెంటు డబ్బాలు, వాటర్‌ప్రూఫ్ స్ప్రేలు కొంటున్నరు. కొందరైతే మంచి టెంటును సగం ధరకు అమ్ముకుంటున్నరు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటది.

హన్మకొండలో పికప్ బండ్లకు ర్యాకులు, రూఫ్‌టాప్ టెంట్లు బిగించే పని నాది. టెంటు విప్పుడు, మడుచుడు, నిచ్చెన లాక్ చేసుడు మీకు వచ్చనుకునే రాస్తున్న. కొత్తగా కొనేటోళ్లు కూడా చదవండి. ఈ సమస్యల్లో సగం కొనేనాడే మొదలైతయి.

సమస్య: పొద్దున లేచేసరికి పరుపు కింద తడి, గోడల మీద నీటి చుక్కలు

మూడేళ్ల కింద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఒక కుటుంబం లక్నవరం పోయి వచ్చింది. పరుపు తడిసిందన్నరు. నేను కుట్లన్నీ వెతికి సీలెంటు పూసి పంపిన. మళ్లీ పోయిన్రు, మళ్లీ తడి. ఈసారి కింది బోల్టుల చుట్టూ పూసిన. మూడోసారి ఆ అక్క వచ్చి ఒక మాట చెప్పింది. “అన్నా, పరుపు ఎత్తి చూస్తే కింద మనిషి పండుకున్నట్టే తడి అచ్చు ఉన్నది.” పోయి చూసిన. టెంటు అడుగున ఉండే అల్యూమినియం రేకు మీద భుజాలు ఆనే చోట, నడుం ఆనే చోట మరకలు, అంచుల పొంటి నల్లటి బూజు చుక్కలు. కాళ్ల దగ్గర పొడిగానే ఉంది. పైనుంచి కారే నీళ్లు మనిషి ఆకారంలో మడుగు కట్టవు.

ఆ సాయంత్రం టెంటు విప్పి, కిటికీలు మూసి, పైనుంచి అరగంట సేపు పైపుతో నీళ్లు కొట్టిన. లోపల చుక్క లేదు. మొదటి రోజే చేయాల్సిన పని అది. చేయనందుకు ఆ కుటుంబం రెండు ట్రిప్పులు పాడు చేసుకుంది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు, అందుకే ఈ సంగతి ఇంత పొడుగ్గా చెప్తున్న.

ఆ నీళ్లు లోపల పండుకున్నోళ్లవే. పెద్ద మనిషి నిద్రలో ఊపిరితోటి, ఒంటి మీదనుంచి రాత్రికి పావు లీటరు దగ్గర నీటిని ఆవిరిగా వదులుతడు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిస్తే ముప్పావు లీటరు అనుకోండి. టెంటు లోపలి జాగా మహా అయితే మూడు ఘనపు మీటర్లు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 17 గ్రాముల ఆవిరినే పట్టుకుంటది, 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములే. అంటే కిటికీలు మూసిన టెంటులోని గాలంతా కలిసి యాభై గ్రాములకు మించి మోయలేదు. మిగతాది చల్లగా ఉన్న చోట నీళ్లయి కూర్చుంటది. అన్నిటికంటే చల్లనిది పరుపు కింది రేకు.

పికప్ మీద ఇది ఇంకా ఎక్కువ. కారు కప్పు మీద టెంటుకు కింద కొంత అడ్డం ఉంటది. వెనక తొట్టి మీద ర్యాక్ కట్టి పెట్టిన టెంటుకు కిందంతా ఖాళీ. విప్పినప్పుడు బయటికి వచ్చే సగమైతే పూర్తిగా గాలిలోనే ఉంటది. ఆదిలాబాద్ వైపు చలి పది డిగ్రీల లోపుకు పడిపోయే రాత్రుల్లో ఆ రేకును చేత్తో ముట్టి చూడండి, తెలుస్తది.

దీనికి మనం చేసే తప్పులు తోడైతయి. పిల్లలకు చలి పెడ్తదని జిప్పులన్నీ పైదాకా లాగుతరు. దోమలకు జాలి వేరే ఉన్నా గుడ్డ కూడా మూస్తరు. చెరువులో ఆడిన పిల్లల బట్టలు లోపలే ఆరేస్తరు. గ్యాస్ పొయ్యి లోపల పెట్టి చాయ కాస్తరు, గ్యాస్ మండినా ఆవిరే వస్తది. ఇక బొగ్గుల కుంపటి మాత్రం టెంటులోకి అస్సలు తీసుకుపోకండి. తడి సంగతి పక్కన పెట్టండి, దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తది.

పరిష్కారం

గాలికి దారి ఇవ్వాలె. ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు నాలుగు వేళ్ల సందు తెరిచి పెట్టండి, ఒకటి కిందినుంచి, ఒకటి పైనుంచి. జాలి మాత్రం మూసే ఉంచండి. ఒక్కటే తెరిస్తే గాలి కదలదు. చలికి ఇంకో దుప్పటి కప్పుకోండి. తడి పరుపు మీద ఎన్ని దుప్పట్లున్నా చలి పోదు.

తర్వాత పరుపుకు, రేకుకు నడుమ గాలి ఆడాలె. దీనికోసమే అమ్మే వలలాంటి మందపు మ్యాట్ ఉంటది, అది మంచిదే. దొరక్కపోతే బాత్‌రూముల్లో వేసే ప్లాస్టిక్ జాలి మ్యాట్ ముక్కలు కొలతకు కోసి పరిస్తే పని జరుగుతది. ఈత చాప కూడా కొంత పనికొస్తది, కాకపోతే పొద్దున తీసి ఎండకు వేయాలె.

మనోళ్లు ఎక్కువగా చేసేది కొత్తవాడ దర్రీ పరుపు కింద వేసుడు. వరంగల్ దర్రీ అంటే నాకూ పాణమే, 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మేమంతా సంబరపడ్డం. కానీ అది నూలు. నీళ్లను పీల్చుకుని రెండు రోజులు విడవదు, బూజు అక్కడే మొదలైతది. దర్రీని పరుపు పైన వేసుకోండి, వెచ్చగా ఉంటది. కింద ప్లాస్టిక్ పట్టా పరిచినా లాభం లేదు, తడి రేకు మీదనుంచి పట్టా మీదికి మారుతదంతే.

లేచినంక పది నిమిషాలు పరుపును నిలబెట్టి, రేకును పొడి గుడ్డతో తుడిచి అప్పుడు మడవండి.

బండి ఆపే చోటు కూడా చూసుకోండి. పాకాల, రామప్ప లాంటి చెరువుల ఒడ్డున తెల్లారుగట్ల మంచు కమ్ముతది. నీళ్ల అంచున, పల్లంలో కాకుండా కొంచెం మెరక మీద ఆపితే తేడా కనిపిస్తది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, కవ్వాల్ టైగర్ రిజర్వు. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండకూడదు.

నిజంగానే వాన పడ్డ రాత్రి తడిస్తే

పైన చెప్పిన పైపు పరీక్ష చేయండి, లోపల మనుషులు లేకుండా. ఒకే చోటునుంచి చార కట్టి కారితే అది లీకు. పాలీకాటన్ (నూలు, పాలిస్టర్ కలిపి నేసిన) కాన్వాస్ కొత్తదైతే కుట్ల సూది రంధ్రాల్లోంచి మొదట్లో చెమ్మ వస్తది. రెండుసార్లు బాగా తడిపి, పూర్తిగా ఆరబెడితే దారం ఉబ్బి రంధ్రాలు మూసుకుంటయి. అప్పటికీ ఆగకపోతే ఆ ఒక్క కుట్టుకే సీలెంటు పూయండి. గుడ్డకు చిల్లులు, తయారీలో లోపాలు నేను చూసినవి చాలా తక్కువ. కోతులు చింపినవే అంతకంటే ఎక్కువ, తినేవి లోపల పెట్టి పోకండి.

సమస్య: నలుగురి టెంటు అన్నరు, ముగ్గురికే సరిపోతలేదు

కారణం వెడల్పు. టెంటు వెడల్పు 1.4 మీటర్లంటే నాలుగడుగుల ఏడంగుళాలు. నలుగురు పండుకుంటే మనిషికి 35 సెంటీమీటర్లు, పెద్దోళ్ల భుజాలు కూడా పట్టవు. మనుషులు ఎక్కువైన కొద్దీ తడి కూడా ఎక్కువే. ఇద్దరు పెద్దలు, ఒక చిన్న పిల్ల అయితే 1.4 చాలు. ఇద్దరు పిల్లలుంటే 1.9 మీటర్లకు తగ్గకండి, అంటే ఇంట్లో ఆరడుగుల డబుల్ కాట్ అంత.

కొనేముందు రెండు దిక్కులా ఎదురెదురు కిటికీలు ఉన్నయా, వాన పడుతున్నా తెరిచి ఉంచేటట్టు వాటిమీద చూరు ఉన్నదా, పైకప్పు గుడ్డకు, టెంటు గుడ్డకు నడుమ సందు ఉన్నదా చూడండి. అడుగు ఒంటి రేకు కాకుండా నడుమ ఫోమ్ గానీ తేనెపట్టు అల్లిక గానీ ఉన్నదైతే చల్లబడుడు తగ్గుతది. షోరూములో అందరూ ఎల్‌ఈడీ లైటు, చెప్పుల సంచి చూస్తున్నరు. కిటికీలు చూసేటోళ్లు లేరు.

డబుల్ క్యాబ్ (క్యాబిన్‌లో రెండు వరుసల సీట్లున్న) బండ్ల వెనక తొట్టి పొడవు ఐదడుగుల చిల్లర. 1.9 మీటర్ల టెంటు మడిచినా పొడవు వైపు ఆరడుగులు దాటుతది. పొడవుగా పెడితే క్యాబిన్ మీదికన్నా పోవాలె, వెనక డోరు మీదికన్నా రావాలె. టేపు పట్టి కొలిచినంకనే డబ్బు కట్టండి.

సమస్య: ర్యాక్ కిర్రుమంటది, వెల్డింగ్ పగుల్తున్నది

ముందు ర్యాక్ కాళ్లు ఎక్కడ నిలబడ్డయో చూడండి. ముందటి కాళ్లు క్యాబిన్ కప్పు మీద, వెనక కాళ్లు తొట్టి మీద ఉంటే కారణం దొరికినట్టే. పికప్‌లో క్యాబిన్ వేరు, తొట్టి వేరు. రెండూ ఛాసిస్ మీద విడివిడిగా కూర్చుని ఉంటయి. గుంతలో చక్రం దిగినప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు వంగుతయి. రెండింటినీ ఒకే ఫ్రేముతో కట్టేస్తే ఏదో ఒకటి తెగాల్సిందే. నాలుగు కాళ్లూ తొట్టి మీదనే ఉండాలె. క్యాబిన్ మీదికి టెంటు చాచుకుని రావచ్చు, కప్పుకు తగలకుండా నాలుగు వేళ్ల సందు ఉంటే చాలు.

కాళ్లు సరిగానే ఉన్నా పిల్లలు పక్కకు ఒత్తిగిల్లితే టెంటంతా ఊగుతున్నదంటే ర్యాకుకు ఏటవాలు పట్టీలు లేవన్నట్టు. వెల్డింగ్ షాపులో రెండు దిక్కులా వేయించండి.

బరువు సంగతి కూడా ఇక్కడే. ఫ్యామిలీ టెంటు 60, 70 కిలోలు, ఇనుప ర్యాక్ ఇంకో 40 అనుకోండి. బండి నడిచేటప్పుడు మోయగలిగే బరువు వేరు, నిలబడి ఉన్నప్పుడు మోసేది వేరు. నలుగురు ఎక్కినంక మొత్తం 300 కిలోలు దాటొచ్చు. మీ బండి పుస్తకంలోని అంకెను, ర్యాక్ చేసినాయన చెప్పే అంకెను, రెండింటినీ అడిగి తెలుసుకోండి.

సమస్య: దారిలో టకటక చప్పుడు

నట్లు. బిగించినంక మొదటి వంద కిలోమీటర్లలోపు ఆపి మళ్లీ ఒకసారి పానా పెట్టాలె. బిగించిన ప్రతి బండాయనకూ చెప్తున్న, పదిమందిలో ఇద్దరు చేస్తున్నరు. లోపల నైలాన్ రింగు ఉండి తొందరగా వదులు కాని నైలాక్ నట్లు వేసినా ఈ పని తప్పదు.

సమస్య: నిచ్చెన అందుతలేదు, నిటారుగా నిలబడుతున్నది

ర్యాక్ ఎత్తు ఎక్కువైంది. బయటికి చాచిన అడుగు బరువు నిచ్చెన మీదనే ఉంటది కాబట్టి దాని కాళ్లు కొంచెం ఏటవాలుగా నేలకు గట్టిగా ఆనాలె. కింద ఇటుకలు పేర్చకండి, పిల్లలు ఎక్కేది దానిమీదనే. పొడుగు ముక్క తెప్పించండి, లేదా ర్యాక్ కాళ్లు కోయించండి.

సమస్య: జిప్పు పట్టేస్తున్నది

మా దిక్కు ఎర్ర చెల్క దుమ్ము, భూపాలపల్లి వైపు పోతే బొగ్గు పొడి. పాత టూత్‌బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి రుద్దండి. నూనె పూస్తే దుమ్ము ఇంకా అంటుకుంటది.

సమస్య: విప్పగానే ముక్కిన వాసన

తడిగా మడిచిన్రు. ఇంటికి వచ్చిన తెల్లారే విప్పి ఆరబెట్టాలె, వారం ఆగితే నల్లచుక్కలు వస్తయి. వచ్చినంక సబ్బు నీళ్లతో మెత్తగా రుద్ది నీడకు ఆరేయండి. బ్లీచింగ్ వేస్తే గుడ్డ చీకిపోతది. దానితోపాటు పరుపు కవరు తీసి ఉతకండి, వాసన ఎక్కువగా అందులోనే ఉంటది.